ఆక్షేపణ గారు

ఎవరైనా కాదంటే గానీ ఆయనకి తోచదు. లోకంలో అందరూ తమ మాట నెగ్గితే సంతోషిస్తారు. ఆయన తన మాటకి ఎవరూ అడ్డు చెప్పకపోతే దిగులు పడతారు. "ఆక్షేపణలుంటే చెప్పండి" అనకుండా ఆయన కిటికీ కూడా తెరిచేవారు కాదు. అడిగి ఊరుకుంటే ఫర్వాలేదు, జవాబు కోసం ఆగేవారు. ఎవరూ ఏమీ అనకపోతే తన ప్రతిపాదనని తనే ఆక్షేపించి, తనకి తనే సమాధానం చెప్పుకుని, సమాధానపడి, అప్పుడు తెరిచేవారు. ఈలోగా వచ్చే గాలి కాస్తా వేరే ఇల్లు చూసుకునేది.

ఆఫీసులో వెనకాల ఆయన్ని ‘ఆక్షేపణ గారు’ అనుకునేవాళ్ళం. అది ఆయన చెవిన పడింది. కోపం వస్తుందేమోనని భయపడ్డాం. ఆయన మా బల్లల దగ్గరికి వచ్చి, "ఈ పేరు మీద ఎవరికైనా ఆక్షేపణ ఉందా?" అని అడిగారు.

మాది అడవి కార్బన్ పథకం ఆఫీసు. సైకిళ్ళ దుకాణం పైన రెండు గదులు. మేం చేసే పని సులువుగా చెప్తాను. బోడికొండల మీద చెట్లు నాటిస్తాం. ఆ చెట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటాయి. ఎంత పీల్చాయో లెక్కకట్టి పైవాళ్ళు ధ్రువపత్రం ఇస్తే, పొగగొట్టాల కంపెనీలు దాన్ని కొనుక్కుని తమ పొగకి విరుగుడు చేశామని చెప్పుకుంటాయి. పాపం ఒకచోట, ప్రాయశ్చిత్తం ఇంకోచోట, మధ్యలో మేం. చెట్లు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది కనక ఈలోగా విధానాలు పెంచేవాళ్ళం. పారదర్శకత విధానం, ఫిర్యాదుల విధానం, సభ్యులు సొంత లాభం చూసుకోకూడదనే విధానం, విధానాలు ఎలా రాయాలో చెప్పే విధానం. నీళ్ళు పొయ్యకపోయినా ఏపుగా పెరిగినవి అవొక్కటే.

అందులో ప్రజా భాగస్వామ్య విధానం ఆక్షేపణ గారిది. ఆయనే రాశారు, ఆయనే నమ్మారు. రెండోది చేసినవాళ్ళు ఆఫీసులో ఇంకెవరూ లేరు. నేను మీటింగుల్లో మినిట్స్ రాసేదాన్ని కాబట్టి ఆయన ఆక్షేపణలన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. నా చెయ్యి మణికట్టు దగ్గర కాస్త వంకరగా ఉంటుంది, అది అప్పటిదే.

మా డైరెక్టరమ్మ లెక్క వేరు. ప్రజల్ని కలుపుకుపోవడమంటే, అంతా అయిపోయాక వాళ్ళకి మర్యాదగా చెప్పడమని ఆవిడ అభిప్రాయం. మా నోటీసు బోర్డు తలుపు వెనకాల ఉండేది. తలుపు తీస్తే బోర్డు కనపడదు. తలుపు వేస్తే ఆఫీసు ఉండదు.

"మేడమ్, బోర్డు ఉన్న చోటు మీద నాకు ఆక్షేపణ ఉంది" అన్నారాయన.

"నోటీసు పెట్టాలని మీ విధానంలో రాశారు, పెట్టాం. చదవాలని రాశారా?"

"రాయలేదండి."

"మరింకేం."

ఆయన మెట్లు దిగి, సైకిళ్ళ దుకాణం ముందు నిలబడి, నోటీసు మొత్తం గట్టిగా చదివారు. వేలం పాట అనుకుని నలుగురు పోగయ్యారు. చివర్లో ఆయన "ఆక్షేపణలుంటే చెప్పండి" అనగానే, దుకాణదారు ముందుకొచ్చి "మీరు గిరాకీకి అడ్డంగా నిలబడ్డారు, అదే నా ఆక్షేపణ" అన్నాడు. ఆయన పొంగిపోయి నాతో అది కూడా రాయించారు.

బయట కూడా ఇంతే. మంగలి కుర్చీలో కూర్చుంటే, జుట్టు ఎంత తగ్గించాలో వరసలో కూర్చున్నవాళ్ళందరినీ అడిగేవారు. వాళ్ళు రెండు వర్గాలయ్యేవాళ్ళు. మంగలి కత్తెర పక్కన పెట్టి, "తీర్మానం అయ్యాక పిలవండి" అని ఇంకొకరి గడ్డం మొదలెట్టేవాడు. ఒక్కోసారి ఆయన సగం తల రాజీతో ఆఫీసుకి వచ్చేవారు.

"ఈయనతో నాది కాపురం కాదమ్మా, బహిరంగ విచారణ" అనేది వాళ్ళావిడ. ఆవిడని నేను అక్కయ్యగారూ అని పిలుస్తాను. కూతురి సంబంధం సంగతి ఆవిడే చెప్పింది. అబ్బాయి తరఫువాళ్ళు వచ్చారు. అందరూ బిగుసుకుపోయి కూర్చుని అన్నిటికీ చాలా బావుంది, చాలా బావుంది అంటున్నారు. ఈయన "ఆక్షేపణలుంటే చెప్పండి" అన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. ఈయనకి ఊపిరాడలేదు.

"అయితే నేనే చెప్తాను. మా అమ్మాయి పొద్దున్నే లేవదు. లేపినవాళ్ళ మీద దిండు విసురుతుంది."

అక్కయ్యగారికి ప్రాణం పోయినంత పనయింది. అబ్బాయి మాత్రం మొదటిసారి తలెత్తి, "నేనూ లేవనండి" అన్నాడట. అబ్బాయి తల్లి ఫక్కున నవ్వి, "ఆ సంగతి ఎలా చెప్పాలా అని దారి పొడుగునా నలిగిపోతూ వచ్చాం" అందట. ఆ పెళ్ళి అయింది. వాళ్ళింట్లో ఇప్పటికీ తెల్లవారడం ఆలస్యమే.

ఇలాంటి మనిషికి కొండకింద పేట వ్యవహారం తగిలింది. పేట వెనక కొండంతా మొక్కలు నాటి, చుట్టూ కంచె వేసి, అడవి చెయ్యాలని ప్లాను. కొనడానికి ఒక కంపెనీ సిద్ధంగా ఉంది. పేటవాళ్ళతో సభ పెట్టి, ‘అభ్యంతరాలు లేవు’ అని రాసుకుని రావడమే మిగిలింది. ఆక్షేపణ గారికి రిటైరయ్యే వయసు దాటిపోయింది. ఏటేటా ఉద్యోగం పొడిగిస్తూ వస్తున్నారు. బయల్దేరేముందు డైరెక్టరమ్మ ఆయన్ని పిలిచింది. నేను పక్కనే ఉన్నాను.

"ఈసారి ఒక్కసారే అడగండి. ఎవరూ చెప్పకపోతే ముగించెయ్యండి. సభ సాఫీగా జరిగితే మీ పొడిగింపు కాగితం మీద సంతకం పెడతాను."

"సాఫీగా అంటే?"

"అంటే మీరు మాట్లాడకుండా."

పేట బడిలో సభ. పిల్లల బెంచీలు కావడంతో పెద్దవాళ్ళందరి మోకాళ్ళూ గడ్డాలకి తగులుతున్నాయి. మీసాలున్న మనుషులు కూడా హోంవర్కు చెయ్యనివాళ్ళలా కనపడుతున్నారు. మేం తెచ్చిన కన్సల్టెంటు తెర మీద బొమ్మలు వేసి, భాగస్వాములు, పరిధులు, తగ్గింపులు, శాశ్వతత్వం అంటూ చాలాసేపు మాట్లాడాడు. అతను మాట్లాడింది తెలుగే అని మధ్యమధ్యలో ‘మరియు’ అన్నప్పుడు గుర్తొచ్చేది. ముందు వరసలో, కొండ మీద తేనెటీగల్ని పెంచే తేనెపెట్టెలాయన, అర్థమైనట్టు తలాడిస్తూ ఆడిస్తూ అలాగే నిద్రపోయాడు.

ఆక్షేపణ గారు లేచారు. "ఆక్షేపణలుంటే చెప్పండి."

డైరెక్టరమ్మ నా వైపు చూసి, రాసుకోమన్నట్టు వేలు కదిపింది. నేను ‘అభ్యం’ దాకా రాశాను.

"నాకొకటుంది" అన్నారాయన. "ఈ మైకు పొడుగు ఎక్కువ. మునివేళ్ళ మీద నిలబడి మాట్లాడాల్సొస్తోంది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరమ్మ దగ్గింది.

"పటంలో కొండ మరీ పచ్చగా వేశారు. కొండ దాన్ని చూస్తే సిగ్గుపడుతుంది."

ఇంకొందరు నవ్వారు. డైరెక్టరమ్మ ఇంకా గట్టిగా దగ్గింది. పొడిగింపు కాగితం నా కళ్ళ ముందే రెక్కలు కట్టుకుని ఎగిరిపోతోంది. ఆయన మాత్రం తల గోక్కుని, బడిలో వెనక బెంచీ కుర్రాడిలా మొహం పెట్టి, అసలైనది వదిలారు.

"పోతే, ఈ కార్బన్ అంటే ఏమిటో నాకింకా అర్థం కాలేదు. కన్సల్టెంటు గారూ, పొగని ఎలా అమ్ముతారండీ? సంచుల్లోనా?"

హాలు గొల్లుమంది. తేనెపెట్టెలాయన ఉలిక్కిపడి లేచి, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. కన్సల్టెంటు మొహం ఎర్రబడి, ఈసారి మామూలు మాటల్లో, చెట్టు పీల్చేది, కాగితం అమ్మేది, కంచె ఎందుకు వేసేది విడమరచి చెప్పాడు. చెప్పగలడని అప్పుడే తెలిసింది.

ఆ నవ్వులు సద్దుమణిగేలోపు చివరి బెంచీ నుంచి ఒకావిడ లేచింది. పేటలో పరుపులు కుట్టే ఆవిడ.

"కంచె అంటున్నారు. నాది ఆక్షేపణో కాదో నాకు తెలీదు బాబూ. చెప్పొచ్చా?"

"నా మైకు గొడవ కన్నా చిన్నదేం కాదు గదమ్మా, చెప్పు."

"మా అమ్మాయిది కొండ అవతల ఊరు. పురిటికి రోజులు దగ్గరపడ్డాయి. కొండ మీద కాలిబాటన పోతే వంట దించేసి వెళ్ళి, చీకటి పడకముందే వచ్చేస్తాను. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలంటే ఒక పూటంతా బస్సుల్లోనే పోతుంది. కంచె వేస్తే ఆ బాట ఏమవుతుంది?"

కన్సల్టెంటు పటం కేసి చూశాడు. పటంలో బాట లేదు.

అంతే, గట్టు తెగింది. తేనెపెట్టెలాయన తన పెట్టెలు ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. బడి పంతులమ్మ, అవతలి ఊరి పిల్లలు ఆ బాటనే వస్తారంది. కొంతమంది మొక్కలు ఇంకా ఎక్కువ వెయ్యమన్నారు. ఒకాయన, పొరుగువాడి గోడ తన జాగాలోకి వచ్చిందని మొత్తుకున్నాడు. దానికీ అడవికీ సంబంధం లేదని చెప్పినా, ఆక్షేపణ గారు ఓపిగ్గా చివరిదాకా విన్నారు. నేను ‘అభ్యం’ కొట్టేసి కొత్త పేజీ తిప్పాను.

తిరుగుప్రయాణంలో డైరెక్టరమ్మ కారులో ముందే వెళ్ళిపోయింది. మేమిద్దరం బస్సెక్కాం. నాకు ఉడికిపోతోంది.

"సార్, కార్బన్ అంటే మీకు నిజంగా తెలీదా?"

"మన పథకం పుస్తకంలో ఆ అధ్యాయం రాసింది నేనే కదమ్మా."

"మరి అందరిముందూ ఆ సంచుల మాటేమిటి? ఉద్యోగం పోతుందని తెలిసి?"

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మొహమాటం.

"ఆ పరుపులావిడ రెండుసార్లు లేవబోయి మళ్ళీ కూర్చుంది. నువ్వు రాసుకుంటున్నావు, చూసుండవు. నలుగురిలో నోరు విప్పితే నవ్వుతారేమోనని జంకు. ఎవరో ఒకరు ముందు నవ్వులపాలైతే, తరవాత లేచినవాళ్ళకి ఆ భయం ఉండదు. ఆ పని నేను చేస్తే పోయేదేముంది? నాకు అందుకు జీతం కూడా ఇస్తున్నారాయె."

మైకు, పటం, పెళ్ళికూతురి దిండు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా పక్కన కూర్చున్నాయి.

ఉద్యోగం ఏమైందంటారా? పోయిందనే అనుకున్నాం. ఈలోగా ధ్రువపత్రం ఇచ్చే ఇన్‌స్పెక్టరు వచ్చి, నేను రాసిన మినిట్స్ అక్షరం వదలకుండా చదివాడు. "ఇంతకుముందు చూసిన ఊళ్ళన్నిటిలో ఒక్కళ్ళూ ఆక్షేపించలేదట. ఆ ఊళ్ళలో జనమే లేరేమోనని అనుమానమొచ్చి ఫైళ్ళు వెనక్కి పంపాను. ఇక్కడ మాత్రం గోడ తగాదా కూడా ఉంది. ఇది నిజం సభే" అని సంతకం పెట్టాడు. బాట ఉన్న చోట కంచెకి గేటు పెట్టాలన్న షరతుతో పథకం పాసైంది. ఆ ఏడు ప్రజా భాగస్వామ్యానికి ఇచ్చే జ్ఞాపిక మా డైరెక్టరమ్మకి వచ్చింది. వేదిక మీద ఆవిడ, ప్రజల గొంతు వినడం తనకి చిన్నప్పటి నుంచీ అలవాటని చెప్పింది. పొడిగింపు కాగితం మీద కూడా ఆ ఊపులోనే సంతకం పెట్టేసింది.

గేటు పెట్టాక చూడ్డానికి వెళ్ళాం. మేం అక్కడుండగానే పరుపులావిడ అవతలి నుంచి వస్తోంది, భుజాన మనవణ్ణి వేసుకుని. వెనకే కూతురు. గేటు తోయగానే అది కిర్రుమంది. పసివాడు కదిలాడు.

"తప్పుగా అనుకోకపోతే ఒక మాట" అందావిడ, ఇప్పుడు జంకేమీ లేకుండా. "మీ గేటు చప్పుడుకి వీడు లేస్తున్నాడు."

నేను కలం తీశాను. ఆయన అప్పటికే కంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. సంచిలోంచి అక్కయ్యగారు పెట్టిన తలనూనె సీసా తీసి, మడతబందుల్లో పోసి, వేలితో రుద్దుతున్నారు. ఆ పనికి మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

పసివాడు ఎలాగూ లేచాడు. లేచి, కొండ దద్దరిల్లేలా ఏడుపు లంకించుకున్నాడు. ఆయన నూనె చేతులతోనే నిలబడి, చెవి అటు పెట్టి, వాడు చెప్పదలుచుకున్నదంతా అయ్యేదాకా శ్రద్ధగా విన్నారు.