నాలుగో టిక్కు

మా వయోమింగ్ ఊళ్ళో డెల్మర్ స్ట్రౌడ్‌కి రివాల్వర్ చేయమని చెబితే నాలుగేళ్ళు పడుతుంది. ఎదురుచూస్తూనే పైకి పోయినవాళ్ళున్నారు. "తొందరున్నోళ్ళు దుకాణంలో కొనుక్కోండి" అంటాడు. పక్క కొట్లో జీనులు కుట్టుకునే నేను ఈ పొగరుని ఏళ్ళ తరబడి భరిస్తున్నాను.

వాడు చేసేది గుర్రాల మీద మందలు తోలిన తాతల నాటి తీరు. గుండు గుండుకీ రివాల్వర్ వెనకుండే చిన్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాల్సిందే. లాగితే నాలుగు టిక్కులు వినపడాలి. నాలుగోది పడేసరికి గుళ్ళ చక్రం కదలకుండా బిగుసుకోవాలి. ఆకురాయితో వెంట్రుకవాసి గీకడం, చెవి దగ్గర పెట్టుకుని వినడం, మళ్ళీ గీకడం, వాడి పనంతా ఇదే. కళ్ళజోడు లేకుండా చేయగలడు గానీ చెవులు లేకుండా చేయలేడు.

ఆ చెవులే పోయాయి. తుపాకీ పేల్చేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటే మగతనం పోతుందనుకునే తరం మరి! ఒప్పుకుంటాడా? మేమంతా గొణుగుతున్నామని మా మీదే పడేవాడు. చివరికి చక్రం వదులుగా ఉందని ఒక రివాల్వర్ వెనక్కి వచ్చింది. వాడి జన్మలో అదే మొదటిసారి. భార్య నడీన్ కొట్టు మూసేయమంది. ఇంకొక్కటి వెనక్కి వస్తే మూసేస్తానని కాఫీ హోటల్లో అందరి ముందూ ఒట్టేశాడు. అప్పట్నుంచి తలుపు గడియ పెట్టుకుని పనిచేయడం మొదలుపెట్టాడు. నాకు నిజంగానే జాలేసింది. కొట్టు లేని డెల్మర్ అంటే ఒక టోపీ, ఒక కుర్చీ, అంతే.

ఆ తర్వాతి రివాల్వర్ పశువుల ఆసామి వెర్లా హచిన్స్‌ది. తీసుకెళ్ళిన వారానికే దాన్ని పట్టుకుని తిరిగొచ్చింది. నేనూ నడీనూ అక్కడే ఉన్నాం. డెల్మర్ మొహం పాలిపోయింది.

"ఏంటయ్యా ఈ గాట్లు? మీ కుక్క నమిలిందా?" అని వెర్లా వాడి చెవిలో అరిచింది.

చెక్క పిడి అడుగున పంటి వరస, మధ్యలో ఒక పన్ను ఖాళీ. ఆ ఖాళీ ఎవరి నోట్లో ఉందో ఊరందరికీ తెలుసు.

"మాకు కుక్క లేదు" అంది నడీన్.

డెల్మర్ టోపీ తీశాడు. "నావే. చెవులు చచ్చాయి వెర్లా. పిడి కొరికిపట్టుకుని సుత్తి లాగితే టిక్కులు దవడలో వినపడతాయి."

"నాతో చెప్పి చావొచ్చుగా! తలుపేసుకుని తాగుతున్నావనుకున్నా" అని నడీన్ కళ్ళు తుడుచుకుంది.

"చెప్తే నవ్వుతావనీ..."

"నవ్వేదాన్నే!"

వెర్లా ఖాళీ రివాల్వర్ సుత్తి లాగింది. నాలుగు టిక్కులూ పడ్డాయి. చక్రాన్ని వేలితో కదిపి చూసింది. ఇసుమంత కూడా కదల్లేదు.

"కొట్టు మూసేయనా?" అన్నాడు డెల్మర్. వాడి గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"మూస్తే నా పని ఎవడు పూర్తిచేస్తాడు?" పిడిని వాడి మూతి ముందు పెట్టింది వెర్లా. "గాట్లున్న చోట చెయ్యి జారట్లేదు. పైదాకా కొరుకు."