తాళంచెవి ఎవరికిస్తారు?

మొన్న మా ఎదురు ఫ్లాటు దంపతులు ఊరెళుతుంటే, అలవాటు చొప్పున "తాళంచెవి ఇచ్చి వెళ్ళండమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "నంబరు తాళం ఆంటీ, చెవే లేదు" అంది. చెవి లేని తాళమా! మా వదిన ఉంటే ఆ గుమ్మం ముందే నోటుబుక్కు తెరిచి కూర్చునేది.

వదినంటే మావారి అక్కయ్య. బెజవాడలో ఏ పేటలో ఏ నేరాలు జరుగుతాయి, ఎందుకు జరుగుతాయి అని జీవితమంతా పరిశోధించిన మనిషి. డెబ్బైల్లో నేను కంకిపాడు నుంచి కొత్తకోడలిగా వచ్చేసరికి, కాలవగట్టు మీది పాకల్లో ఇంటింటికీ తిరుగుతోంది. పోలీసుల నోట దాని పేరు దొంగలపేట. "ఆడకూతురు ఒక్కతీ అక్కడికా!" అని మా అత్తగారు నన్ను తోడు పంపారు, నేనేదో వస్తాదునైనట్టు. మొదటిరోజు మమ్మల్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి పట్టుకెళ్ళేవాళ్ళనుకుని మగవాళ్ళంతా పరారు! వదిన నవ్వుకుంటూ కుళాయి దగ్గర ఆడవాళ్ళ మధ్య చతికిలబడింది. దొంగతనాల ఊసే ఎత్తలేదు. "ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి ఎవరికిచ్చిపోతారమ్మా?" అని ఒక్కటే అడిగింది. అందరూ ఎవరో ఒకరి పేరు చెప్పారు. ఎక్కువమంది చెప్పింది ఒక రిక్షా అతని పేరు. అదే ప్రశ్న మా కాలనీలో అడిగితే డాబాల వాళ్ళు నీళ్ళు నమిలారు. వదిన ఇంటికో కాగితం చొప్పున గడులు గీసి జవాబులు రాసుకునేది. మా ఇంటి కాగితంలోనూ తాళంచెవి గడి ఖాళీయే.

అంతలో మా కాలనీలో ఎవరింట్లోనో ఇత్తడి బిందెలు పోయాయి. పోలీసులు ఎప్పటిలాగే పేట మీద పడి, ఆ రిక్షా అతన్నే పట్టుకుపోయారు. నెలలు నిండిన అతని భార్య ఏడుస్తూ వచ్చింది. వదిన నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకెళ్ళి కాగితాలన్నీ చూపించింది. ఎస్సైగారు తిరగేసి, "ఇవన్నీ వాళ్ళలో వాళ్ళ మాటలండీ. మీబోటి వాళ్ళెవరైనా వీణ్ణి నమ్ముతారా?" అన్నారు.

"మేం నమ్ముతామండీ. రేపు అందరం మైలవరం పెద్దకర్మకి వెళుతున్నాం. ఇల్లు ఇతనికే అప్పగించి వెళతాం" అని, వదిన మా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

పెద్దకర్మకి నగలు పెట్టుకెళ్ళరు కదా, నా పెళ్ళినగలన్నీ బీరువాలోనే! ఎస్సైగారు ఆ చెవి వంక చూసి అతన్ని వదిలేశారు. దారిలో నేను "నగలు పోతే?" అని గొణిగాను. "పోతే నేనిన్నాళ్ళూ చదివిందంతా తప్పని తేలుతుంది అమ్మాయ్. నీకంటే నాకే ఎక్కువ నష్టం" అంది. అమ్మో, ఏం గుండె!

మైలవరంలో మూడు రోజులూ ముద్ద దిగలేదు. తిరిగొచ్చేసరికి అతను గేటుకి అడ్డంగా రిక్షా పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు. "మీరిట్టా ఊళ్ళకెళ్తంటే నా బేరాలేం గానండీ! మూడ్రోజుల్నించీ ఈడే కాపలా" అన్నాడు. నేను పరిగెత్తి బీరువా తెరిచాను. ఒక్క గొలుసు కదల్లేదు. వదిన బీరువా వైపు కూడా చూడలేదు, తిన్నగా వెళ్ళి మా కాగితంలో ఖాళీ గడి నింపుకుంది. బిందెలు ఎవరు తీశారో ఇవాళ్టికీ తెలియదు.

వారం తిరక్కుండానే అతని భార్య పురిటికి పుట్టింటికెళుతూ, మొగుణ్ణి తోడు తీసుకుని మా ఇంటికొచ్చింది. నేను వదినను పిలవబోయాను. "ఆరికి కాదండమ్మా, మీకే" అని చిన్న తాళంచెవి నా చేతిలో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను దింపి అతను తిరిగొచ్చేదాకా, నాలుగు రోజులు దాన్ని బొడ్లో దోపుకుని తిరిగాను, రోజుకి రెండుసార్లు కాలవగట్టుకెళ్ళి తాళం లాగి చూసొచ్చాను. యాభై ఏళ్ళు గడిచాయి. ఈలోగా నన్ను మంచిదాన్నన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, నేనెలాంటిదాన్నో తెలియకుండానే నమ్మింది మాత్రం ఆవిడొక్కతే.