అరవై దాటని అంకెలు

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో నాది కంప్యూటర్ పని. డ్రాయింగులో కోణాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. మిషనుకు మాత్రం అన్నీ డిగ్రీలుగా, దశాంశాల్లో కావాలి. ఎక్సెల్‌లో అలా మార్చి ప్రింటు ఇస్తే, మామ ఆ అంకెలు మిషనులో కొట్టేవాడు. ఆయన ఉప్పల్ పాత ఊరి మనిషి. షాపులో అందరికీ మామే.

ఒకసారి టేపరు షాఫ్టులు, అంటే ఒక చివరకు సన్నబడే ఇరుసులు, వాటి గూళ్లలో కూర్చోలేదు. నీలిరంగు పూసి తిప్పి చూస్తే రంగు ఒక చివరనే అంటింది, అంటే కోణం తప్పింది. షాపు యజమాని సేటు నన్ను పిలిచి అడిగాడు. షీటు తెరిచి కూడా చూడకుండా, "మామకు కండ్లు ఆనుతలేవు సేటూ, అంకెలు తప్పు కొడుతుండు" అన్నాను.

మర్నాడు మామను ప్యాకింగులో కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లు మిషను ముందు నిలబడిన మనిషి అట్టపెట్టెలకు టేపు అంటిస్తుంటే, నేను అటువైపు వెళ్లకుండా తిరిగాను.

అన్నాల వేళకు ఆయనే నా ప్రింటు పట్టుకొచ్చాడు.

"అల్లుడా, గీ కాయిదంల పాయింటు తర్వాత యాభై తొమ్మిది దాటిన అంకె ఒక్కటి లేదేంది?"

"అంటే?"

"నువ్వు కోణాలు రాసినవా, బస్సు టైములు రాసినవా?"

షీటు తెరిచాను. పన్నెండు డిగ్రీల ముప్పై నిమిషాలంటే 12.50. నేను 12.30 కొట్టాను. తొందరలో ఫార్ములా వదిలేసి, నిమిషాలను అరవైతో భాగించకుండా చుక్క పక్కన తగిలించాను. వరుసంతా అంతే.

షీటు సరిచేశాను, కానీ సేటుకు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. మామ కూడా చెప్పలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని టేపు అంటిస్తూనే ఉన్నాడు. మూడో రోజు ఆ జేబు కనబడితే నిలవలేక సేటు గదిలోకి వెళ్లి ఒప్పుకున్నాను.

"మామ కండ్లు కాదు, పోయి నీ కండ్లు జూపిచ్చుకో!" సేటు చాలాసేపు తిట్టాడు. పనిలోంచి మాత్రం తీయలేదు.

మామ మిషను దగ్గరికి తిరిగి వచ్చాక వెళ్లాను. "తప్పైంది మామా."

"జర టైమెంతో సూడు."

"పన్నెండున్నర."

"పన్నెండు పాయింట్ ముప్పై గాదా?" అని నవ్వి మిషను ఆన్ చేశాడు.

ఇప్పుడు నా షీటులో డిగ్రీలకు, నిమిషాలకు, సెకన్లకు వేర్వేరు గడులున్నాయి. ప్రింటు తీయగానే మామకు చూపిస్తాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పాయింటు తర్వాత అరవై దాటిన అంకె దొరికేదాకా వేలితో వెతుకుతాడు. ఆ రెండు రోజులూ జేబులోని కాగితం బయటికి తీయని ఆ మనిషి పక్కన నిలబడి, ఆయన తలూపేదాకా ఆగుతాను.