కుడి సీసా, ఎడమ సీసా

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకక్క అంటారు. నేర్చుకునేవారు తడబడగానే తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కి, "నాయనా, గోడకి ప్రాణం లేదు, నాకుంది" అంటుంది. ఏడు నెలల పాపకు తల్లి. పాఠానికీ పాఠానికీ మధ్య ఇంటికి పరుగెత్తి పాలిచ్చి వస్తుంది.

ఆమెకు ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ తగిలింది. ఆసుపత్రిలో చిన్న డాక్టరు చేత్తో నొక్కి చూసి, పాలు గడ్డకట్టి ఉంటాయన్నాడు. కాపడం పెట్టుకోమన్నాడు, తగ్గకపోతే, పాప పాలు మానాక స్కానింగు చేద్దామన్నాడు. ఆమె పిన్నికీ ఒకప్పుడు ఇదే మాట చెప్పారు. పిన్ని ఇప్పుడు లేదు. పాలగడ్డ కావచ్చు అనడం తప్పు కాదు. ఎక్కువమందిలో అదే అవుతుంది. "కావచ్చు"ను తీర్పుగా మార్చి, పరీక్ష లేకుండా ఇంటికి పంపడమే తప్పు. విచారణ లేని తీర్పును ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. తల్లులు మాత్రం ఒప్పుకోవాలట!

అదే ఆసుపత్రి పై అంతస్తులో పాల మీద పరిశోధన జరుగుతోంది. తల్లిపాలలో రొమ్ము లోపలి పొరనుంచి రాలిన కణాలు ఉంటాయి. వాటిని పరీక్షించి క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టవచ్చా అన్నది వారి ప్రశ్న. అందుకే ఏ వైపు పాలు ఆ వైపు సీసాలోనే పట్టాలి. పిన్నిని తలచుకుని బ్రేకక్క ఆ పరిశోధనలో చేరింది. గడ్డ సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సీసాలు ఇవ్వాల్సిన రోజు ఉదయం ఫ్రిజ్‌లో ఒక్కటే కనబడింది.

"అత్తయ్యా, రెండోదేదీ?"

"సగం సగం ఉంటే ఒకదాంట్లో పోసేశా. రెండోది కడిగి ఆరబెట్టా. సగం సీసాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుందని నీకు తెలుసుగా."

"కుడీ ఎడమా కలిసిపోయాయి అత్తయ్యా!"

"ఒక్క ఒంటి పాలేగా, కొట్టుకుంటాయా ఏంటి?"

"గడ్డ ఒక వైపే ఉంది. కలిపేస్తే ఏ వైపు సంగతో తెలీదు."

అత్తగారు చేతిలోని గుడ్డ పక్కన పడేసింది. "గడ్డా? నాకెందుకు చెప్పలేదే?"

"కంగారు పడతారని."

"కంగారు పడకుండా పాలు కలిపి పారేశా. బాగుందా? చెప్పులేసుకో, పద."

పై అంతస్తులోని పరిశోధకురాలు, ఆవిడా డాక్టరే, కోప్పడలేదు. "మళ్లీ పట్టి ఇవ్వండి, ఫర్వాలేదు" అంది.

"మరి గడ్డ?" అత్తగారు అడిగింది.

"పాలు ఏం చెబుతాయో మాకే ఇంకా తెలీదమ్మా. గడ్డకి కింద చూపించుకోవాలి."

"కిందేమో పాలు మానాక రమ్మన్నారు" అంది బ్రేకక్క.

పై అంతస్తుకు ఆమె పాలు ఆధారం; కింది అంతస్తుకు అవే పాలు అభ్యంతరం. ఒకే కప్పు కింద ఈ రెండు మాటలూ ఇన్నాళ్లు ఎదురుపడలేదు!

"పాలిస్తుంటే స్కానింగు చేయకూడదా డాక్టరుగారూ?" బ్రేకక్క అడిగింది.

"ఎందుకు చేయకూడదు? చేయొచ్చు."

"అయితే కిందికొచ్చి ఆ ముక్క మీరే చెప్పండి."

"సీసాలు కలిపిన తప్పు నాది, మళ్లీ ఇస్తాం" అంది అత్తగారు. "పరీక్షను ఇన్నాళ్లు ఆపిన తప్పు ఎవరిది? వాళ్లేమిస్తారు?"

పరిశోధకురాలు చేతి తొడుగులు తీసేసి వారితో కిందికి నడిచింది. ఆ రోజే స్కానింగు చేశారు, సూదితో ముక్క తీశారు. కొద్ది రోజుల్లో క్యాన్సరేనని తేలింది. కానీ చిన్నది, రొమ్ము దాటలేదు. శస్త్రచికిత్సతో నయమయ్యే దశ అన్నారు. తర్వాత మందులు మొదలవుతాయి కాబట్టి పాపకు పాలు మాన్పించాలి.

పరిశోధకురాలు మొహమాటంగా అడిగింది: "మందులకు ముందటి పాలు మాకు చాలా ఉపయోగం. మీకిష్టమైతేనే."

"పాప కడుపు నిండాక మిగిలితే ఇస్తా. ఒక షరతు. మీకు పాలిచ్చే ఏ తల్లి గడ్డ ఉందన్నా ఆ రోజే స్కానింగు చేయించాలి. ఆ మాట అందరికీ కనబడేలా గోడకి అంటించాలి."

అది దయ కోరడం కాదు, హక్కు అడగడం. పరిశోధకురాలు పై అధికారులతో పోరాడి ఒప్పించింది.

ఆపరేషన్ రోజు బ్రేకక్క చక్రాల కుర్చీని ఆ గోడ దగ్గర ఆపించింది. నోటీసు మొత్తం చదివి, వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, అక్షరాలు మరీ చిన్నవి. నేను బయటికొచ్చేలోపు పెద్దవి వేయించండి."

"వేయిస్తాలే, నువ్వు పద" అని అత్తగారు పాపను చంకలో సర్దుకుని, పరిశోధకురాలి కోసం పై అంతస్తుకు మెట్లెక్కింది.