రుక్మిణమ్మ గారు కొట్టేసిన మాట

డబ్బింగ్ థియేటర్ తలుపు తీయగానే తివాచీ, ఏసీ కలిసిన ఆ చల్లటి వాసన ఇవాళ కూడా నన్ను ఫిల్మ్ నగర్‌లోని రుక్మిణమ్మ గారి రెండు గదుల ఆఫీసుకు తీసుకుపోతుంది. ఆవిడ హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి. పరభాషా సినిమాలకు తెలుగు మాటలు రాసేవారు. ఏ సన్నివేశమైనా ముందు శబ్దం ఆపేసి చూడటం ఆవిడ పద్ధతి. "ముందుగాల పెదవులు చూడు, డిక్షనరీ తర్వాత తీద్దువు" అనేవారు.

ఆవిడ దగ్గర అసిస్టెంటుగా చేరిన రెండో ఏడు నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. ఆఫీసులో జ్వరమని చెప్పి వారం తర్వాత తిరిగొచ్చాను. ఇంట్లో ఆ మాటెత్తితే మా ఆయన బాధపడతారని నేను, నేను బాధపడతానని ఆయన, ఇద్దరం వాటర్ ట్యాంకర్ గురించి మాట్లాడుకునేవాళ్లం.

నా ఖర్మ, కొన్ని రోజులకు పనికి వచ్చిన సన్నివేశమూ అలాంటిదే. ఆసుపత్రి మంచం మీద హీరోయిన్ భర్తకు విషయం చెబుతుంది. నేనేదో పెద్ద రచయిత్రిలా "నాకు గర్భస్రావం అయిందండీ" అని రాశాను.

రుక్మిణమ్మ గారు శబ్దం ఆపి చూసి, కలంతో కొట్టేశారు. "ఇది డాక్టర్ చీటీ మీది మాట. మొగనికి గిట్ల ఎవరన్న చెప్తరా?"

"కడుపు నిలవలేదు అంటే?" అన్నాను.

"నిలవలేదంటే తప్పు ఆమె మీదికే వస్తది. మీ అత్తమ్మ గట్లనే అన్నదా?"

నేను ఆవిడ వైపు తిరిగి చూశాను. ఆవిడ తెర వైపే చూస్తూ అన్నారు: "మూడు నెలలు చాయ్ వాసనకే లేచి బయటికి పోయినవ్. జరమని పోయి వచ్చినంక రోజుకు నాలుగు తాగుతున్నవ్. నాకు తెల్వదా? నీకేం పోయిందో చెప్పు."

"బిడ్డ పోయింది మేడమ్" అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు. ఆ మాటే కాగితం మీద రాసి, సన్నివేశం మళ్లీ వేయించారు. తెర మీద పెదవులకు అది సరిగ్గా కుదిరింది.

"ఇంటికి పో. నీ మొగనికి గూడ గిదే మాట చెప్పు" అన్నారు.

ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా, "మన బిడ్డ పోయిందండీ" అన్నాను. మా ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టి, "పేరు కూడా అనుకున్నాను" అన్నారు. ఆ పేరు చెప్పి ఏడ్చారు.

రుక్మిణమ్మ గారు ఇప్పుడు లేరు. నేనూ శబ్దం ఆపే చూస్తాను. జ్వరమని సెలవు పెట్టిన అమ్మాయి తిరిగొస్తే, ఆమె చాయ్ తాగుతోందా లేదా అని ఓసారి చూస్తాను. డబ్బింగులో ఎన్నో పాత్రలకు కొత్తగా తెలుగు పేర్లు పెట్టాను. ఆ పేరు మాత్రం ఇంతవరకు ఎవరికీ పెట్టలేదు.