రెండు ఎర్ర చుక్కలు

ఆ అమ్మాయి చేయి వణకదు. నా కడుపుమంటకు మొదటి కారణం అదే.

సికింద్రాబాద్‌లోని మా ల్యాబులో నాది పీహెచ్‌డీ ఐదో ఏడు, ఆమెది రెండో ఏడు. వాళ్ళ నాన్నకు రెజిమెంటల్ బజార్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి భూతద్దంలోంచి లోకాన్ని చూసిన పిల్ల. మా ఇల్లు చిలకలగూడ. సాయంత్రం ఇద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కేవాళ్ళం. నన్ను నోరారా అక్కా అని పిలిచేది. మాతోపాటు ఇంకో సీనియర్ అమ్మాయి ఉండేది. ఏ పనైనా రెండుసార్లు చెడగొట్టి మూడోసారికి పూర్తిచేసే మనిషి. ఆమెను చూసి నేనెప్పుడూ కుళ్ళుకోలేదు. కుళ్ళుకోవడానికి ఏముందని.

మా పని ఎలుకల నరాల కణాలతో. నొప్పినీ వేడినీ వెన్నుపాముకు మోసుకెళ్ళే కణాలు అవి. వాటి గోడల్లో పొటాషియం బయటికి వెళ్ళడానికి సన్నని దారులుంటాయి. కణం రెచ్చిపోయినప్పుడు ఆ దారులు తెరుచుకుంటాయి, పొటాషియం బయటికి వెళుతుంది, కణం సద్దుమణుగుతుంది. దెబ్బ తిన్న నరంలో ఈ దారులు తగ్గిపోతాయనీ, అందుకే గాయం మానినా నొప్పి పోదనీ మా సారు నమ్మకం. అది తేల్చే పని ఆ అమ్మాయికి అప్పగించారు. నాలుగేళ్ళుగా ఆ పని కోసం కాచుకుని కూర్చున్నది నేను.

వెంట్రుకకన్నా సన్నని మొన ఉన్న గాజు గొట్టాన్ని కణానికి ఆనించి, రబ్బరు ట్యూబుతో నోటితో మెల్లగా గాలి పీల్చాలి. గొట్టం కణానికి అతుక్కుంటే ఆ రోజు గడిచినట్టే. నాకు పదిసార్లకు రెండుసార్లు అతుక్కునేది. ఆమెకు రెండుసార్లు తప్పితే అన్నిసార్లూ అతుక్కునేది. పైగా పిలిచి మరీ చూపించేది.

"అక్కా, జెర ఇటు రా. ఎంత మంచిగ అతికిందో సూడు."

వెళ్ళి చూసేదాన్ని. బాగుంది అనేదాన్ని. ఆ ఒక్క మాట అనడానికి నా ప్రాణం పోయినంత పనయ్యేది.

గొట్టంలో పోసే ద్రావణాన్ని ల్యాబు మొత్తానికి ఎవరో ఒకరు చేసి, చిటికెన వేలంత సీసాల్లో నింపి ఫ్రీజర్‌లో పెడతారు. పొటాషియం ద్రావణానికి మూత మీద ఎర్ర చుక్క, సీజియం ద్రావణానికి నీలం చుక్క. సీజియం ఆ దారుల్లో అడ్డంగా ఇరుక్కుని పొటాషియాన్ని కదలనివ్వదు. వేరే ప్రయోగాలకు అదీ కావాలి. ఆసారి వంతు నాది. నీలం మార్కరు ఎండిపోయింది. పొటాషియానికి ఒక ఎర్ర చుక్క, సీజియానికి రెండు ఎర్ర చుక్కలు పెట్టాను. ఇలాంటి మార్పులు నాలుగింటి చాయ్ దగ్గర అందరికీ చెప్పడం మా ఆనవాయితీ. చెప్పాను. ఆ అమ్మాయి అప్పుడు మైక్రోస్కోపు ముందు ఉంది, చాయ్‌కి రాలేదు.

రెండు రోజుల తర్వాత ఆమె కంప్యూటర్ తెర చూశాను. దెబ్బ తిన్న నరం నుంచి తీసిన కణాలు. పొటాషియం కదిలితే పైకి లేవాల్సిన గీత నేలకు అతుక్కుని ఉంది. బల్ల మీద ఖాళీ సీసా. మూత మీద రెండు చుక్కలు.

ఎర్ర రంగు చూసి పొటాషియం అనుకుని సీజియం పోసిందని నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఇంతలో ఆమె, "అక్కా, సారు చెప్పిందే నిజమైంది" అంది. ఆ ముఖంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను. వారం పాటు తప్పుడు లెక్క మీద మురిసి, చివరికి బోర్లా పడనీ అనుకున్నాను. ఆ మాట అచ్చంగా ఇలాగే అనుకున్నాను.

బోర్లా పడలేదు. ఊళ్ళో లేని సారుకు ఆ గీతలు ఫోన్లో పంపింది. సోమవారం అందరి ముందూ చూపించమని ఆయన సంబరపడుతూ జవాబిచ్చారు. నేను దాచిన తప్పు ఆమెకు కిరీటమై కూర్చుంది. శని, ఆదివారాలు నాకు అన్నం సయించలేదు. పశ్చాత్తాపం అనుకునేరు, అప్పటికింకా అసూయే.

సోమవారం ఆమె లేచి నిలబడి, ఆ గీతలన్నీ తప్పని చెప్పింది. శనివారం సరైన సీసాతో మళ్ళీ చేసి చూసిందట, పొటాషియం మామూలుగానే కదిలిందట. "సీసా చూసుకోకుండ సీజియం తీసుకున్న సార్. తప్పు నాదే." చుక్కల ఊసు ఎత్తలేదు. సారు పది నిమిషాలు తిట్టారు. తల వంచుకుని విన్నది.

ఆ సాయంత్రం ఆటోలో అడిగాను. "అంతా నీ మీద ఎందుకు వేసుకున్నవ్? చుక్కలు పెట్టింది నేను."

"నీది థీసిస్ రాసే టైం అక్కా. నువ్వు చెప్పుడు మర్చిపోయినవ్, నేను అడుగుడు మర్చిపోయిన. గంతే కదా."

ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ మంచితనం కూడా ఆమెకే దక్కడం నేను ఓర్చుకోలేకపోయాను. నిజం చెప్పడానికి నన్ను తోసింది కూడా అదే.

"మర్చిపోలే. నీ బల్ల మీద సీసా చూసిన. తెలిసే చెప్పలే."

ఆమె నా వైపు చూసింది. తర్వాత రోడ్డు వైపు తిరిగింది. స్టేషన్ దగ్గర దిగేటప్పుడు, "రేపటి సంది ద్రావణం నేనే చేస్తా" అంది.

చేస్తోంది. ప్రతి సీసా మీదా పేరు పూర్తిగా రాస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టాక నా బల్ల దగ్గరికి వచ్చి ఏది ఎక్కడుందో మర్యాదగా చెబుతుంది. "పొటాషియం పై అరల ఉంది, మేడం."

నిన్న ఆమెకు మళ్ళీ ఒక మంచి కణం దొరికింది. "అక్కా, జెర ఇటు రా" అని పిలిచింది. నేను అప్పటికే కుర్చీలోంచి లేచాను. కానీ పిలిచింది ఆ రెండో సీనియర్‌ను, ఏ పనైనా రెండుసార్లు చెడగొట్టే ఆమెను. నేను మళ్ళీ కూర్చుని, ఆ సీనియర్ వంగి మైక్రోస్కోపులో చూస్తున్నంతసేపూ ఆమెనే చూస్తూ ఉండిపోయాను.