తిత్తి లేని పెట్టె

మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. కొవ్వూరు చుట్టుపక్కల ఎక్కడ నాటకం వేసినా ఆయన పెట్టె వెళ్ళాల్సిందే. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడవడమూ వచ్చింది. ఎడమచేతిలో మాత్రం పట్టు రాలేదు. హార్మోనియానికి కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడమచేత్తో వెనకనున్న గాలితిత్తిని ఆడించాలి. తిత్తి ఆడకపోతే అది ఉత్త చెక్కపెట్టె.

ఆ చలికాలంలో ఒకరోజు, నాటకంలో కృష్ణుడి వేషం కట్టే మావయ్య మా ఇంటికొచ్చాడు. చుట్టరికం లేకపోయినా నాన్నతో ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగిన మనిషి.

"మాస్టారూ, ఇప్పుడంతా కీబోర్డులేనండి. కరెంటుతో పలుకుతాయి, తిత్తి గొడవుండదు. అమ్మాయికి సరళీస్వరాలు వచ్చు కదా. మీరు పక్కనుండి నేర్పితే వేసవికల్లా మాతో కూర్చుంటాది. లేకపోతే బయటినుంచి ఎవరినో ఒకర్ని తెచ్చుకోవాలండి మరి."

ఆ చివరి మాటకి నాన్న ముఖం మాడిపోయింది. "గాలి లేకుండా పాటేంటయ్యా?" అని లేచి లోపలికెళ్ళిపోయారు.

నాకు నేర్చుకోవాలనే ఉంది. కానీ ఆ మాట పైకి అంటే ఆయన చోటు నేను లాక్కున్నట్టు అవుతుందేమోనని భయం. చివరికి అమ్మే, కీబోర్డు కొనుక్కురమ్మని మా ఇద్దరినీ రాజమండ్రి బస్సెక్కించింది. వంతెన మీద ఉన్నంతసేపూ నాన్న గోదావరి వైపే చూస్తూ కూర్చున్నారు.

వాద్యాల దుకాణం మేడమీద. మెట్లెక్కేటప్పుడు చెయ్యి అందించబోతే విదిలించుకున్నారు. పైకెళ్ళాక తలుపు పక్కన కుర్చీలో కూర్చుని రోడ్డు వైపు తిరిగిపోయారు.

"ఎవరికండి? మాస్టారికా, మీకా?" అని అడిగాడు దుకాణం ఆయన.

నేను నాన్న వైపు చూశాను. ఆయన కదల్లేదు.

"నాకేనండి. ఇదే మొదటిసారి."

దుకాణం ఆయన మొదట చిన్న కీబోర్డు చూపించాడు. ఒక మీట నొక్కితే డోలు, ఇంకోటి నొక్కితే వయొలిన్. ఎర్రదీపాలు వెలుగుతున్నాయి. నాకు వెంటనే నచ్చేసింది. సరళీస్వరాలు వాయించాను. రెండుచోట్ల తప్పాను.

"అది వద్దు," అన్నారు నాన్న. పొద్దుట్నుంచి అదే మొదటి మాట. "మెట్లు మరీ ఇరుకు. పిల్లల ఆటవస్తువది."

లేచి మా దగ్గరికొచ్చారు. దుకాణం ఆయన పక్కనున్న పెద్ద కీబోర్డులో హార్మోనియం గొంతు పెట్టాడు. నాన్న కుడిచెయ్యి ఆన్చి ఒక మెట్టు నొక్కారు. ఆ క్షణంలో ఆయన ఎడమభుజం తిత్తి కోసం ముందుకి కదిలింది. చెయ్యి మాత్రం లేవలేదు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

వేలు తియ్యకుండా అలాగే నిలబడ్డారు. స్వరం ఎక్కడా తగ్గకుండా, పెరగకుండా ఒకేలా మోగుతోంది.

"ఆగదేంటిది?"

"మీరు వేలు తీసేదాకా ఆగదండి."

"మరి పాడేవాడు గొంతు తగ్గించినప్పుడు ఇది కూడా తగ్గాలి కదా? ఆ పని తిత్తి చేస్తాది. ఇదేం చేస్తాది?" నాన్న గొంతు పెరిగింది. "పదమ్మా, పోదాం."

నేను తేరుకునేలోపే మెట్ల దగ్గరికెళ్ళిపోయారు. రెండు మెట్లు దిగాక ఎడమకాలు మడతపడింది. పరిగెత్తి వెనకనుంచి రెండు చేతులా నడుం పట్టుకున్నాను. కుడిచేత్తో ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నారు. అలాగే మెల్లిగా మెట్టుమీద కూలబడ్డాం. ఆయన గుండె దడదడ కొట్టుకోవడం నా చేతులకి తెలుస్తోంది.

"రేపట్నుంచి స్టేజి మీద నువ్వు కూర్చుంటావు," అన్నారు. "నేనెక్కడ కూర్చోనే?"

"కొనద్దు నాన్నా, ఇంటికెళ్ళిపోదాం," అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

దుకాణం ఆయన పైనుంచి తొంగి చూశాడు. "మాస్టారండీ, సౌండు తగ్గించడానికి కాలితో తొక్కే పెడలుందండి. దాన్ని పెట్టుకునే వీలు అన్నిటికీ ఉండదు. ఇందాక మీరు వాయించినదానికి ఉంది. ఒక్కసారి చూసెళ్ళండి."

నాన్న నా భుజం పట్టుకుని లేచారు.

కుర్చీలో కూర్చుని, పెడలు కుడికాలి కింద పెట్టుకుని కీబోర్డు మెట్టు నొక్కారు. పాదం వంచితే స్వరం నిండుగా ఉబ్బింది, వెనక్కి తీస్తే సన్నబడింది. మళ్ళీ వంచారు, మళ్ళీ తీశారు. ఒక పద్యం ఎత్తుగడ వాయించి సగంలో ఆపేశారు.

"ఇది కట్టండి," అన్నారు. దీపాలు తక్కువ, బరువు ఎక్కువ. నాకది అంతగా నచ్చలేదు కూడా.

వేసవిలో మావయ్య ఇంటి అరుగుమీద మొదటి రిహార్సల్. నాన్న కుర్చీ నా పక్కకి లాక్కుని, పెడలుని కాలితో తన ముందుకి జరుపుకున్నారు. "మెట్లు నువ్వు చూసుకో. ఇది నేను చూసుకుంటాను."

మావయ్య రాగం సాగదీశాడు. నేను వెంట వెళ్ళలేకపోయాను. వేలు తప్పు మెట్టుమీద పడింది. పడీపడగానే శబ్దం మాయమైంది. నాన్న పాదం వెనక్కి తీసేశారు. కంగారుగా వెతికి సరైన స్వరం పట్టుకున్నాను. అది మెల్లిగా లేచి మావయ్య గొంతుని అందుకుంది.

పద్యమయ్యాక మావయ్య అడిగాడు: "మధ్యలో ఓచోట సౌండాగిందేంటండి మాస్టారూ?"

"కొత్త మిషను కదా. అలవాటవ్వాలి," అన్నారు నాన్న నావైపు చూడకుండా.

ఆ ఏడాదంతా ఒకే కీబోర్డు ముందు ఇద్దరం కూర్చున్నాం. మరుసటేడు పరీక్షల వల్ల నేను వెళ్ళలేకపోతే ఆయన ఒక్కరే కుడిచెయ్యి, కుడికాలుతో నాటకం మొత్తం లాక్కొచ్చారు. ఇక అక్కణ్ణుంచి నాటకాలకి నన్ను పిలవడమే మానేశారు. ఆయన పొద్దున్నే టీ తాగడానికి సెంటర్‌కి వెళ్ళినప్పుడే కీబోర్డు నా చేతికి దొరికేది.